నల్లబడని జాలీ

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే ఆరో తరగతి చదువుతున్న ఏడాది, మా బాపు మోటారు సైకిలుకు ఏ ఎయిర్ ఫిల్టరు బిగించాలో తేల్చే బాధ్యత నా మీద పడింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా యంత్రాల మధ్యే ఉద్యోగం చేశాను. గాలిని వడగట్టే పరికరాల మీద లావుపాటి నివేదికలు రాశాను. వాటిలో ఏ నిర్ణయాన్నీ అంత ధీమాతో తీసుకోలేదు. ఏ నిర్ణయమూ అంత ఘోరంగా బెడిసికొట్టలేదు.

మేము అప్పుడు శ్రీరాంపూర్‌లో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం. బాపు బొగ్గుబాయిలో ఫిట్టరు. ఇంట్లో బాపు, అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తారు), నేను కాక అవ్వ తమ్ముడు, మా చిన్నమామ, ఉండేవాడు. ఉద్యోగం వెతుక్కోవడానికి పది రోజుల కోసమని వచ్చిన మామ అప్పటికి పద్నాలుగు నెలలుగా వెతుకుతూనే ఉన్నాడు. ఇక ఇంట్లో ఐదో మనిషి బండి. బాపు దానికి మూడో యజమాని. దాని రంగు మెరూన్ అని బాపు, తుప్పు అని అవ్వ వాదించుకునేవారు.

ఆ వాదనలో నేను తలదూర్చేదాన్ని కాదు. నా చదువు ఆ బండి మీద ఆధారపడి ఉంది. నన్ను మంచిర్యాలలో మంచి పేరున్న బడిలో వేశారు. ఇంటి నుంచి అటూ ఇటుగా పది కిలోమీటర్లు. బాపు షిఫ్టును బట్టి ఒక పూట తను, ఒక పూట మామ నన్ను దింపేవారు. ఆడపిల్లను అంత దూరం పంపడం అవ్వకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "బండి నడిచినన్ని దినాలు పొమ్మను. బండి ఆగిందంటే మన కాలనీ బడే," అని ఆమె తీర్పు చెప్పేసింది. అందుకే ఆ ఇంజను ఆరోగ్యం గురించి ఇంట్లో అందరికంటే ఎక్కువ బెంగ నాకే ఉండేది.

బెంగకు కారణం కూడా ఉంది. ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని సిలిండర్ అంటారు. గాలితో పాటు దుమ్ము లోపలికి పోతే, అది గరుకు కాగితంలా ఆ గొట్టం గోడలను అరగదీస్తుంది. అరిగిన గోడను నున్నగా చెక్కి, చెక్కిన మేరకు పెద్ద పిస్టన్ వేయడాన్ని బోరు చేయడం అంటారు. ఇలా ఎన్నిసార్లయినా చేయడం కుదరదు. గోడ మందానికి ఒక హద్దు ఉంటుంది. మా బండి ఆ హద్దుకు వచ్చేసింది. మంచిర్యాల స్టేషను దగ్గర రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే మిస్త్రీ చాచా చివరి బోరు చేసి ఇస్తూ బాపుతో చెప్పిన మాట నేను విన్నాను. "దీనికన్న పెద్ద పిస్టన్ ఇగ దొరకది భాయ్. మల్ల దుమ్ము మింగిందంటే తుక్కు కిందికే."

అలాంటి బండికి దుమ్మును అడ్డుకునే పాత ఫిల్టరు డబ్బాను చిన్నమామ చితక్కొట్టాడు. మా కాలనీలో ప్రతి క్వార్టరు ముందూ పొయ్యిలోకి వాడుకునే బొగ్గు కుప్ప ఉండేది. మామ ఒకరోజు చల్లని నీడ ఉందని బండిని ఆ కుప్ప మీద స్టాండు వేసి నిలబెట్టాడు. బొగ్గు జారింది, బండి పడింది, డబ్బా అప్పడమైంది. అసలు కంపెనీ డబ్బా ఇప్పుడు రావడం లేదనీ, కరీంనగర్‌లో వేరే కంపెనీలవి దొరుకుతాయనీ చాచా చెప్పాడు. ఆదివారం బాపు, మామ, నేను బస్సెక్కాం.

కరీంనగర్ దుకాణంలో సేటు మూడు రకాలు మా ముందు పెట్టాడు. ఒకటి కాగితపు మడతలది. వెంట తెచ్చిన పాత డబ్బా కొలతకు అది సరిపోలేదు. రెండోది నల్ల రేకు డబ్బా, లోపల స్పాంజి చుట్ట. చూడటానికి కాలిన గిన్నెలా ఉంది. మూడోది క్రోము పూత పూసిన గుండ్రటి తీగల జాలీ. డబ్బా గిబ్బా ఏమీ లేదు, నేరుగా ఇంజను పక్కన పుట్టగొడుగులా మెరుస్తూ నిలబడుతుంది.

"బావా, గిది చూడు! మొకం కనవడుతుంది," అన్నాడు మామ.

"మొకం చూసుకునేటందుకు ఇంట్ల అద్దం ఉన్నది గద," అన్నాడు బాపు.

"గాలి మంచిగ గుంజుతది సార్. బండి గుర్రం లెక్క ఉరుకుతది," అని సేటు మామ పక్షాన చేరాడు. జాలీ పెట్టెలో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంటే బాపు దాన్ని నా చేతికిచ్చాడు. "సైన్సుల ఫస్టు నువ్వే గద బిడ్డా. దీని మీద బడికి పోయేది సుత నువ్వే. నువ్వే చెప్పు, ఏది తీసుకుందాం?"

నేను తొందరపడలేదు. శాస్త్రీయంగా ఆలోచించాను. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే ఆరిపోతుందని మా టీచరు ఆ నెలే చూపించారు. మంటకు గాలి కావాలి. ఇంజనులో ఉండేది మంట. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ మంట, ఎక్కువ మంటకు ఎక్కువ బలం. ఇందులో ఎక్కడా తప్పు లేదు. తప్పల్లా నేను గాలి గురించి మాత్రమే ఆలోచించడం. గాలిలో ఏముందో ఆలోచించకపోవడం. పైగా అందులో నా ముఖం నిజంగానే కనబడింది, రెండు జడలతో సహా. క్రోము జాలీనే ఎంచాను.

దాన్ని బిగించాక బండి నిజంగానే కొత్త ప్రాణం వచ్చినట్టు అరిచింది. డబ్బా లేకపోవడంతో ఇంజను గాలి పీల్చే చప్పుడంతా బయటికే వచ్చేది. కాలనీ మలుపులో వినబడగానే అవ్వ బియ్యం ఎసట్లో పోసేది. బాపు స్నానం ముగించేసరికి అన్నం ఉడికేది. ఇది మాకొక లాభంలా కనిపించింది. మూడో రోజు ఎదురింటి కాక లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. ఆయన రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి.

"ఏందన్నా, బండి నడుపుతున్నవా, బాయిల బ్లాస్టింగు చేస్తున్నవా? రాత్రంత డ్యూటి చేసి వచ్చినోల్లం మేం మనుషులం గామా?"

ఆ రోజు నుంచి బాపు కాలనీ మొదట్లోనే ఇంజను ఆపి బండిని ఇంటిదాకా తోసుకొచ్చేవాడు. మామ మాత్రం తోసేవాడు కాదు. ఆయన దృష్టిలో ఆ చప్పుడే ఫిల్టరు.

నా వరకు నాకు ఒక్క విషయంలో గర్వంగా ఉండేది. మా రోడ్డంతా బొగ్గు లారీలు తిరిగేవి. ఎదురింటి కాక స్కూటరు ఫిల్టరును బయటికి తీసినప్పుడు చూశాను, కాకి రెక్కలా నల్లగా ఉంది. మా జాలీ మాత్రం రోజూ మిలమిలలాడేది. నేను రోజూ సాయంత్రం దాన్ని పరీక్షించి, లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో తేదీ వేసి "ఫిల్టరు: శుభ్రం" అని రాసేదాన్ని. ఇరవై రోజులు వరుసగా అదే మాట. కాక స్కూటరు మీద నాకు జాలి కలిగేది.

ఇరవయ్యో రోజు, శనివారం, ఆ ఇంగ్లీషు కాగితాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. జాలీకి జిగటగా అంటుకునే నూనె పూయాలనీ, దుమ్ము ఆ జిగటలోనే చిక్కుకుంటుందనీ అందులో ఉంది. ఇంట్లో ఉన్నవి పల్లీనూనె, కొబ్బరినూనె. వేళ్ల మధ్య రుద్ది చూశాను. రెండూ జిగట పరీక్షలో తప్పాయి. అప్పుడు నాకు బెల్లం తట్టింది.

ఇది కేవలం జిగట వల్ల తట్టిన ఆలోచన కాదు. మా కాలనీలో బాయి నుంచి వచ్చిన ప్రతి మనిషికీ ఇంట్లోవాళ్లు ముందుగా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. గొంతులో, ఛాతీలో పేరుకున్న బొగ్గు దుమ్మును బెల్లం కిందికి దించుతుందని అందరి నమ్మకం. అవ్వ బాపుకు ఒక్కరోజూ తప్పించేది కాదు. బొగ్గు దుమ్ముకు మనిషికి బెల్లం పనిచేసినప్పుడు బండికెందుకు పనిచేయదు? అవ్వ నీళ్ల కోసం నల్లా దగ్గరికి పోయిన సమయం చూసి బెల్లం కరిగించాను. తీగపాకం కాకముందే దించాను, మరీ గట్టిపడితే రంధ్రాలు మూసుకుపోతాయని. జాలీని విప్పి అందులో ముంచి, కారకుండా ఆరబెట్టి, మళ్లీ బిగించాను. ఆ రోజు పేజీలో "శుభ్రం, జిగట" అని రాశాను.

మర్నాడు ఆదివారం. మాంసం తేవడానికి మంచిర్యాల బయల్దేరాం. నేను ట్యాంకు మీద, బాపు నడుపుతూ, మామ వెనక. మామ తెల్ల ప్యాంటు వేసుకున్నాడు. పని అయ్యాక సినిమాకు పోయే ఆలోచన ఉంది. దారిలో నస్పూర్ దాటామో లేదో బండి దగ్గడం మొదలుపెట్టింది. పాకం సగం రంధ్రాలను మూసేసింది కనుక గాలి తగ్గి, పెట్రోలు పాలు ఎక్కువై, నల్లటి పొగ వస్తోందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు చెప్పగలిగిన స్థితిలో ఎవరమూ లేము. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బాపు కుడికాలు పైకెత్తాడు.

రాత్రంతా మా ఇంటి గోడ మీది చీమలన్నీ ఆ జాలీని చేరుకున్నట్టున్నాయి. ఇంజను వేడెక్కేసరికి అవి దగ్గరలో ఉన్న చల్లని చోటు వెతుక్కున్నాయి. దగ్గరలో ఉన్నది బాపు మోకాలు.

"బావా, కరంటు గొడుతుంది! దిగు, దిగు!" అని మామ నడుస్తున్న బండి మీంచే దూకాడు. చీమలు ఆయన దాకా కూడా చేరాయన్నమాట. బాపు బండిని రోడ్డు పక్కన ఆపి, నన్ను జాగ్రత్తగా దించి, ఆ తర్వాతే ఎగరడం మొదలుపెట్టాడు. ఆయన క్రమశిక్షణ అలాంటిది. ఇద్దరు మగవాళ్లు ప్యాంట్లు దులుపుకుంటూ గెంతుతుంటే, ఎదురుగా వస్తున్న బొగ్గు లారీ డ్రైవరు వేగం తగ్గించి తల బయట పెట్టాడు. "ఏం పండుగనే ఇయ్యాల?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయాడు.

బండిని తోసుకుంటూ చాచా షెడ్డుకు చేరాం. ఆయనకు సెలవు శుక్రవారం. ఆదివారం షెడ్డు తెరిచే ఉంటుంది. చాచా వంగి జాలీని వాసన చూశాడు, వేలితో తాకాడు, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"బెల్లం," అన్నాడు. "ఎవరు పెట్టిండ్రు?"

మామ నా వైపు చూశాడు. నేను బాపు వైపు చూశాను. బాపు చీమల వైపు చూశాడు. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను: ఇంగ్లీషు కాగితం, జిగట పరీక్ష, బాయి మనుషులు, తీగపాకం. చాచా ముఖంలో ఏ కదలికా లేకుండా విన్నాడు. తర్వాత ఏదో పానా మరిచిపోయినట్టు షెడ్డు వెనక్కి పోయాడు. రేకు గోడ అవతల నుంచి చాలాసేపు ఆయన నవ్వు మాకు వినబడింది. కళ్లు తుడుచుకుని తిరిగి వచ్చాడు.

"దిమాగ్ మంచిగనే ఉన్నది బేటీ. సామానే తప్పయింది," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు రోషం వచ్చింది. బెల్లం తప్పయి ఉండవచ్చు, ఫిల్టరు మాత్రం మంచిదేనని వాదించాను. ఇరవై రోజులు బొగ్గు లారీల రోడ్డు మీద తిరిగినా దానికి మరక అంటలేదు, రాతపూర్వకంగా నా దగ్గర రుజువు ఉందన్నాను. ఆ మాటకు చాచా నవ్వలేదు. బాపు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏదో ఉందని నాకు అర్థమైంది.

చాచా పనిలోకి దిగాడు. జాలీని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాడు. పలుచటి తెల్లని మల్మల్ గుడ్డ ముక్కను జాలీకీ ఇంజనుకూ మధ్య, గాలి లోపలికి పోయే మూతి మీద బిగుతుగా కట్టి, దాని మీద జాలీని బిగించాడు. తర్వాత మామను పిలిచాడు.

"కాలనీ దాక పోయి రా. బొగ్గు లారీ ఎనుకనే పోవాలె. మెల్లగ పో. దాటినవంటే మల్ల పోవాల్సొస్తది."

"చాచా, తెల్ల ప్యాంటు..."

"అందుకే నిన్ను పంపుతున్న."

బొగ్గు లారీలకు ఆదివారం లేదు కనుక మామకు తోడు వెంటనే దొరికింది. గంట తర్వాత తిరిగొచ్చిన మనిషిని పళ్లను బట్టి గుర్తుపట్టాం. ప్యాంటు తెల్లదని మాకు ముందే తెలుసు గనుక నమ్మాం. చాచా ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "శభాష్, నీ మొకం మంచి ఫిల్టరు," అన్నాడు. దిగనివ్వకుండానే జాలీని తీసి, షెడ్డులోంచి ఈ మధ్యే తెప్పించిన నల్ల రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. కరీంనగర్‌లో నేను కాలిన గిన్నె అనుకున్నది అచ్చం అలాంటిదే. దాని స్పాంజికి ఇంజనాయిలు పట్టించి, వెనక మరో తెల్ల గుడ్డ కట్టి, మామను మళ్లీ అదే రోడ్డుకు, మరో లారీ వెనక్కి పంపాడు. మామ అప్పటికి సినిమా మీద ఆశ వదులుకున్నాడు.

మామ రెండోసారి వచ్చాక చాచా నాలుగు వస్తువులను బల్ల మీద వరుసగా పెట్టాడు. నా జాలీ, తళతళలాడుతూ. దాని వెనక గుడ్డ, పొయ్యి మీది మసిగుడ్డలా. చాచా స్పాంజి, నల్లగా, బురదలా. దాని వెనక గుడ్డ, కట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా.

"వీట్ల ఏది శుభ్రంగున్నది బేటీ?" అని అడిగాడు.

నేను రెండు గుడ్డలనూ మార్చి మార్చి చూశాను. చాచా నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "దర్వాజల కావలి ఉన్నోడు దుమ్మును ఆపిండంటే వాని బట్టలు ఖరాబు గావాలె గద? బట్టలు తెల్లగనే ఉన్నయంటే, పక్కకు జరిగి తొవ్వ ఇచ్చినట్టు."

నా ఇరవై "శుభ్రం"లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంజను రోజూ దుమ్ము మింగుతుంటే, అది మింగుతున్నందుకు నేను రోజూ మార్కులు వేశాను.

బాపు గొంతు తగ్గించి అడిగాడు. "బోరు వోయిందా?"

చాచా స్పార్కు ప్లగ్గు విప్పాడు. ప్లగ్గు తీసిన రంధ్రం మీద నన్ను బొటనవేలు గట్టిగా ఆనించమని, మామను కిక్కు కొట్టమన్నాడు. సిలిండర్ గోడ అరిగిపోయి ఉంటే గాలి పక్కల నుంచి జారిపోతుంది, వేలికి ఏమీ తగలదు. అరగకపోతే గాలి వేలిని తోసేస్తుంది. ఈ సంగతి చెప్పి నా ముఖంలోకి చూశాడు. నా బడి, మంచిర్యాల, నా సైన్సు మార్కులు అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి. మామ కిక్కు కొట్టాడు. నా వేలు టప్పుమని పైకి లేచింది. నమ్మకం కలగక మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ లేచింది. మూడోసారి కూడా కొట్టించాను. ఆ రోజు మామ మీద నాకు దయ లేదు.

"దమ్మున్నది," అన్నాడు చాచా. "ఇంకొక్క నెల గిట్లనే తిరిగితే ఉండకపోతుండె."

ఇక ఫిల్టరు సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారనుకుని బల్లకు దూరంగా జరిగాను. బాపు నన్ను మళ్లీ పిలిచాడు. కాళ్ల నిండా చీమ కాట్లు, సగం ఆదివారం వృథా, అయినా ఆయన గొంతు కరీంనగర్ దుకాణంలో ఎలా ఉందో అలాగే ఉంది.

"మరి ఏది బిగిద్దాం బిడ్డా?"

నల్ల డబ్బా వైపు వేలు చూపించాను. ప్రతి ఆదివారం స్పాంజిని కిరసనాయిల్లో కడిగి, మెలిపెట్టకుండా పిండి, ఆయిలు పట్టించాలని చాచా చెప్పాడు. అది ఎవరు చేస్తారని అడగకముందే నేనని చెప్పాను. పదో తరగతి పూర్తయ్యే దాకా ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ బండి మీదే చివరి పరీక్ష రాసి వచ్చాను.

అయితే ఆ పాఠం అసలు బరువు నాకు తెలిసింది ఆ చీమల ఆదివారానికి మర్నాడు, సోమవారం. బాపు మొదటి షిఫ్టు చేసి వచ్చాడు. బాయిలో ఆయన ముక్కుకు తువ్వాల కట్టుకుంటాడు. అవ్వ దాన్ని బకెట్లో పడేస్తూ, సబ్బు ఎంత రుద్దినా ఈ నలుపు పోదని రోజూ అనే మాటే అన్నది. ఆ పూట నేను ఉతుకుతానని తీసుకున్నాను. బయటి వైపు చాచా స్పాంజిలా నల్లగా ఉంది. మంచిదే అనుకున్నాను. తర్వాత దాన్ని తిప్పాను. లోపలి వైపు, ముక్కు ఆనిన చోట, పక్కపక్కనే రెండు బూడిదరంగు మచ్చలు ఉన్నాయి.

నీళ్లు పారుతున్నాయి. నేను వేలితో ఆ మచ్చలను రుద్దాను. కాసేపటికి బాపు వచ్చి నా చేతిలోని తువ్వాలను, నా ముఖాన్ని చూశాడు. ఆయనకు నేను ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

"రేపటి సంది నాలుగు మడతలేసి, తడిపి కట్టుకో బాపూ," అన్నాను.

"అట్లనే ఇంజనీరమ్మా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, మర్నాడు ఉదయం డ్యూటీకి పోయే ముందు నల్లా కింద తువ్వాల తడుపుకుని, నాకు కనబడేలా నాలుగు మడతలు వేసి, తీసుకుపోయాడు. పదవీ విరమణ చేసే దాకా అలాగే కట్టుకున్నాడు. నేను ఇంట్లో ఉన్న ప్రతి సాయంత్రం దాన్ని నేనే ఉతికాను.

ఉద్యోగంలో ఎందరో నా ముందు ఎన్నో వడపోతలు పెట్టి, ఎంత బాగున్నాయో చూడమన్నారు. వాటి ముఖం మీద నలుపు చూసి నేనెప్పుడూ ముఖం తిప్పుకోలేదు, మెరుపు చూసి సంతకం పెట్టలేదు. ఇవాళ్టికీ ఏదైనా నా చేతికిస్తే ముందు దాన్ని తిప్పుతాను. ఊపిరి తగిలే వైపు ఎలా ఉందో చూస్తాను.